ఆదివారం రిక్షా

డెబ్బైల మధ్యలో హైదరాబాద్ పాతబస్తీలో మొఘల్‌పురా దగ్గరి ఒక బాలికల హైస్కూల్లో లెక్కల టీచరుగా చేరాను. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. మా నాన్న అక్కడి పాత గుడిలో పూజారి. మా ఇంట్లో నెల జీతమంటూ తెచ్చిన మొదటి మనిషిని నేనే. ఆ గర్వం నా నడకలో కూడా కనిపించేదని చాలా ఏళ్ళ తర్వాత మా అమ్మ చెప్పింది.

తొమ్మిదో తరగతికి చక్రవడ్డీ చెబుతుంటే పిల్లలు ఆవలించేవారు. ఈ లెక్కలు ఇంటికి పనికొచ్చేలా చెబితే బాగుంటుందనిపించి, శనివారం ఆఖరి పీరియడును పొదుపు క్లాసుగా మార్చాను. జీతం ఎలా ఖర్చవుతుంది, అవసరమేది, వృథా ఏది, పోస్టాఫీసులో ఖాతా ఎలా తెరవాలి, ఇవన్నీ చెప్పేదాన్ని. పిల్లలు బెంచీల మీద ముందుకు వంగి వినేవారు. బాగానే చెప్పేదాన్ని. అందుకే ఇది రాయడం ఇంకా కష్టంగా ఉంది.

ఒక శనివారం, అందరినీ తమ ఇంటి నెల ఖర్చు కాగితం మీద రాసుకుని రమ్మన్నాను. మరుసటి వారం ఒక్కొక్కరి కాగితం తీసుకుని పైకి చదువుతూ, వృథా అనిపించినదాన్ని ఎర్ర సిరాతో కొట్టేశాను. ఒకరి ఇంటి గుట్టు నలభై మంది ముందు చదవకూడదన్న ఇంగితం నాకప్పుడు లేదు. ఒక పిల్ల నాన్న బీడీలు, ఇంకో పిల్ల అన్న సినిమాలు. క్లాసంతా ఒకటే నవ్వులు.

మూడో బెంచీలో ఒక అమ్మాయి ఉండేది. క్రైస్తవుల పిల్ల. వాళ్ళ నాన్న ప్రెస్సులో సీసం అక్షరాలు కూర్చే పని చేసేవాడు. ఆ నాన్న పనితనమేనేమో, ఆమె కాగితం అందరికంటే శుభ్రంగా ఉంది. స్కేలుతో గీసిన గీతలు, ఒకే తీరు అక్షరాలు. కిరాయి, బియ్యం, కిరసనాయిలు, ఫీజు. అన్నింటికన్నా కింద ‘ఆదివారం రిక్షా, ఆరు రూపాయలు’ అని ఉంది.

“ఈ రిక్షా ఏంది?” అని అడిగాను.

లేచి నిలబడింది. “చర్చికి పోతం టీచర్. నయాపూల్ దాటి మూసీ అవతలికి.”

“ఎంతమంది పోతరు?”

“అమ్మ, నేను.”

“ఇద్దరికీ కాళ్ళు లేవా? నడిచొస్తే మీ దేవుడు లోపలికి రానియ్యడా?”

క్లాసు పగలబడి నవ్వింది. ఆ అమ్మాయి ఏదో చెప్పబోయి ఆగిపోయింది. నేను ఆరు రూపాయల మీద గీత కొట్టి, పక్కన ‘వృథా’ అని రాసి కాగితం చేతికిచ్చాను.

తర్వాతి వారం ఆమె కొత్త కాగితం తెచ్చింది. అందులో రిక్షా లేదు. ఆ ఆరు రూపాయలూ పొదుపు కిందికి చేరాయి. నేను మురిసిపోయి ఆ కాగితాన్ని గోడకు అంటించాను. ఇన్‌స్పెక్టరు గారు వచ్చినప్పుడు ఆ అమ్మాయిని దాని పక్కనే నిలబెట్టి చదివించాను. ఆయన హెడ్‌మిస్ట్రెస్ వైపు తిరిగి, ఇలాంటి టీచరు ప్రతి స్కూల్లోనూ ఉండాలన్నారు. ఆ రోజు ఇంటికి వెళ్ళి ఆ మాట మా నాన్నకు రెండుసార్లు చెప్పాను.

మూడు నెలలు గడిచాయి. ఒక ఆదివారం మా అమ్మా నేనూ చీరలు కొనడానికి బయల్దేరాం. ఎండగా ఉంది కదా అని గడప దిగుతూనే రిక్షా పిలిచాను. దానికి ఆడవాళ్ళ కోసం పరదా కట్టి ఉంది. నయాపూల్ మీద ముందు ఒక ఎడ్లబండి అడ్డం తిరగడంతో రిక్షా ఆగింది. పరదా సందులోంచి చూస్తే, చేయి చాస్తే అందేంత దూరంలో ఆ అమ్మాయి.

పక్కన వాళ్ళమ్మ ఉంది. ఎడమకాలు సన్నగా, కట్టెలా ఉంది. అడుగు వేసిన ప్రతిసారీ ఒక చేత్తో ఆ తొడను పట్టి ముందుకు నెట్టుకుంటోంది. రెండో చేయి కూతురి భుజం మీద ఉంది. నాలుగడుగులు వేసి వంతెన గోడకు ఆనుకుని నిలబడింది. తెల్ల చీర వీపున చెమటకు అతుక్కుపోయింది. కూతురు బైబిలు ఉన్న సంచిని చంకలో పెట్టుకుని, కొంగుతో తల్లి మొహం తుడిచింది.

దిగి వాళ్ళిద్దరినీ ఎక్కించవలసింది. నేను పరదా దగ్గరికి లాక్కున్నాను.

“ఎవరే, మీ బడి పిల్లనా?” అంది అమ్మ.

“కాదు,” అన్నాను.

రిక్షా కదిలింది. ఆ రోజు రెండు చీరలు కొన్నాం.

సోమవారం ఆ అమ్మాయిని వరండాలోకి పిలిచాను. “మీ అమ్మకు కాలు బాగలేదా?”

“చిన్నప్పట్నుంచే టీచర్.”

“మరి నాకెందుకు చెప్పలే?”

“మీరు అడగలే టీచర్. కాళ్ళు లేవా అన్నరు. అందరు నవ్విన్రు.”

ఆ మాటలో కోపం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది, అంతే. నేను లోపలికి వెళ్ళి గోడ మీది కాగితం పీకేశాను. ఎందుకు తీశారని పిల్లలు అడిగితే, “వేరే చార్టు పెట్టాలె,” అన్నాను. తప్పు నాదని ఆ నలభై మందికీ చెప్పవలసిన రోజు అదే. చెప్పలేదు.

క్షమించమని అడగడానికి ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. ఒకే గది. వాళ్ళమ్మ నన్ను చూసి లేవబోయింది, వద్దన్నా వినలేదు.

“కూసోండ్రి టీచరమ్మా. మీ గురించే చెప్తది బిడ్డ. మీరు చెప్పినంక నాలుగు పైసలు మిగుల్తున్నయ్. కాలేజీల ఏస్తమని ఆయన గూడ అంటున్నడు.”

“ఆ రిక్షా మానొద్దమ్మా. నాకు తెల్వక అన్న. తప్పైంది.”

ఆమె నవ్వింది. “మీరు మా మంచికే చెప్పిన్రు. నాకు గిప్పుడు అలవాటైంది. ఏం ఫికర్ చెయ్యకుండ్రి.”

ఆ అమ్మాయి నాకు గ్లాసులో చాయ్ తెచ్చింది. మా ఇంట్లో బయటివాళ్ళ చేతి నీళ్ళు కూడా ముట్టేవాళ్ళం కాదు. గ్లాసు అందుకున్నాను, ఒళ్ళో పెట్టుకుని మాట్లాడుతూనే ఉన్నాను. తాగాలనే అనుకున్నాను. చెయ్యి పైకి లేవలేదు. చాయ్ మీద మీగడ కట్టింది. వాళ్ళమ్మ అటు చూడనట్టే ఉండిపోయింది. చివరికి ఆ అమ్మాయే వచ్చి, “చల్లారింది టీచర్,” అని గ్లాసు నా చేతిలోంచి తీసుకెళ్ళింది.

వానాకాలంలో వాళ్ళమ్మ చర్చికి వెళ్ళడం మానేసిందని విన్నాను. బురదలో కాలు నిలవదు. వారానికోసారి ఇల్లు దాటి, తనవాళ్ళతో కలిసి పాడుకుని వచ్చే మనిషి, ఇంట్లోనే ప్రార్థన చేసుకునేదట. దసరా సెలవుల తర్వాత వాళ్ళాయన మళ్ళీ రిక్షా మాట్లాడాడట. ఇది కూడా నేను అడిగితేనే ఆ అమ్మాయి చెప్పింది. దానంతట అది నాతో మాట్లాడటం ఎప్పుడో మానేసింది. లెక్కల్లో మాత్రం ఎప్పుడూ మొదటి మార్కే.

ఆ తర్వాతి వేసవిలో పదో తరగతి పాసై, టీసీ కోసం స్కూలుకు వచ్చింది. ఆఫీసు గది బయట ఒక్కతే దొరికింది. ఏడాదికి పైగా నోట్లో నానుతున్న మాట అప్పటికి బయటికొచ్చింది.

“ఆ రోజు క్లాసుల నేను నిన్ను అట్ల అనకుండ ఉండాల్సింది. మీ అమ్మకు నా మీద కోపం లేకపోవచ్చు గని...”

“అమ్మకు లేదు టీచర్,” అంది. “నాకు ఉన్నది.”

కళ్ళలోకి సూటిగా చూస్తూ చెప్పింది. గుమస్తా పిలిస్తే లోపలికి వెళ్ళి సంతకం పెట్టింది. టీసీ మడిచి సంచిలో పెట్టుకుని, నాకు నమస్తే చెప్పి గేటు వైపు నడిచింది. నేను ఆఫీసు గోడకు ఆనుకుని అలాగే నిలబడిపోయాను. తర్వాతి పీరియడ్ గంట కొట్టారు. క్లాసుకు వెళ్ళాను గానీ, ఆ రోజు ఏం చెప్పానో నాకు గుర్తులేదు.