ఎండలో తేలిన చెయ్యి

ఎవరైనా దయ్యాల మాట ఎత్తితే ఈనాటికీ నేను నోరు మూసుకుంటాను. నమ్మకం ఉండో లేకో కాదు, ఒకప్పుడు ఎమ్మిగనూరులో కొన్నాళ్లు నేనే దయ్యంగా పని చేశాను కాబట్టి. అప్పుడు నాకు పాతికేళ్లు. పరిశోధన చేస్తున్నానన్న గర్వంతో కాళ్లు నేల మీద ఆనేవి కావు. మా గైడు గారు (చాటున మేం ఎలక్ట్రాన్ సారు అనేవాళ్లం) నా చేతిలో ఒక సీసాడు తెల్లపొడి పెట్టి, అద్దకం చేశాక మిగిలిన నీళ్లలో కలిపి ఎండలో ఉంచితే రంగు విరుగుతుందో లేదో చూసి రమ్మన్నారు. టైటానియం డయాక్సైడ్. చూడ్డానికి ముగ్గుపిండిలా అమాయకంగా ఉంటుంది. ఎండ తగిలిందా, అందులోంచి ఒక ఎలక్ట్రాన్ లేచిపోతుంది. అది కూర్చున్న చోట ఖాళీ మిగులుతుంది. రంగును విరగ్గొట్టడంలో ఆ ఖాళీదే పెద్ద చెయ్యి. "లేనిదే పని చేస్తుందిరా" అనేవారు సారు. అదైనా అణువులు సరైన వరసలో ఉంటేనే. కొలిమిలో కాస్త ఎక్కువ కాల్చామా, వరస మారిపోయి అదే పొడి సోమరిపోతు అవుతుంది. (అలా మూడుసార్లు మాడ్చి తిట్లు తిన్నది నేనే. మూడోసారి కుడిచేతి ఉంగరం వేలు కూడా కాల్చుకుని, దానికి కట్టు కట్టించుకున్నాను.)

రోజూ పొద్దున్నే ఆదోనిలో బస్సెక్కి ఎమ్మిగనూరులో రంగులక్క ఇంటికి పోయేవాణ్ణి. నూలుకు రంగులద్దడం ఆమె పని, లోపల మగ్గం నేయడం ఆమె మొగుడి పని. అత్త పోయి ఆరు నెలలు. ఆ అవ్వ బతికున్నన్నాళ్లూ కోడలిని రంగుతొట్టి దగ్గరికి రానివ్వలేదట. మామ, అంటే తాత, అవ్వ పోయినప్పట్నించీ ఎవరితోనూ మాట్లాడకుండా అరుగు మీద కూర్చునేవాడు. ఒకరోజు నేను పొడి కలుపుతుంటే అక్క కేకేసింది: "అప్పా, ఈ నూలు చిలపలు రోంత దండెం మీదెయ్యి!" చెయ్యి కడుక్కోవడానికి బద్ధకం. అదే తడిచేత్తో ఎర్రటి నూలు కట్టలు, ఆ చిలపలన్నీ ఒక్కొక్కటే పట్టి ఆరేశాను.

తర్వాత రెండు రోజులు పోలేదు. మూడోరోజు మిట్టమధ్యాహ్నం పోయేసరికి మగ్గం చప్పుడు లేదు. పెరట్లో అందరూ దండెం ముందు నిలబడి ఉన్నారు. ప్రతి చిలప మీదా తెల్లగా వేళ్లు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, చిటికెనవేలు. ఉంగరం వేలు ఉండాల్సిన చోట మాత్రం నూలు ఎర్రగానే ఉంది.

"మూడుతూర్లు ఉతికినా పోలేదప్పా" అంది అక్క. "మా అత్త సెయ్యి."

అవ్వకు పడుచుతనంలోనే కొడవలి తగిలి ఆ వేలు తెగిపోయిందట. అంత ఎండలోనూ నాకు వెన్ను చల్లబడింది. గాలి లేదు, అయినా ఒక చిలప మెల్లగా ఊగింది. నేను మంత్రాలయం వైపు తిరిగి దండం పెట్టుకున్నాను. (పరిశోధకుణ్ణి, గుర్తుంచుకోండి.)

"అమ్మకి ఇష్టం లేదు, సూస్తాండావు గదా" అన్నాడు అక్క మొగుడు. "తొట్టి పగలగొట్టేస్తా. బెంగళూరికి పోయి కూలి సేసుకుందాం."

"నేనేం పాపం సేసినా? ఈ పని తప్ప నాకేం వచ్చు?" అని అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తిరుగు బస్సులో కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. కమ్మీ మీద నాలుగు వేళ్లు, కట్టుతో పైకి లేచిన ఐదోది. ఓరి నా బుద్ధి తగలెయ్య! ఒప్పుకుంటే తంతారు, పరిశోధన అటకెక్కుతుంది. ఒప్పుకోకపోతే అక్క బతుకు పోతుంది. నిజం చెబుతున్నాను, ఏది చెయ్యాలో తేల్చుకోవడానికి ఆదోని దాకా పట్టింది.

మర్నాడు పోయి చెప్పాను. నమ్మలేదు. సరే చూడమని, ఎడమచేతికి పొడి పూసుకుని ఒక ఎర్రగుడ్డ మీద అద్ది ఎండలో పరిచాను. రెండు రోజులకు ఐదు వేళ్లూ తెల్లగా తేలాయి. అక్క ఏడ్చింది, నవ్వింది, చేతికందిన తడి చిలపతో నా వీపు మీద బాదింది. "దయ్యమా! మా అత్తే అనుకొని సస్తాంటి గదప్పా!" తొట్టి బతికింది. ఆ చిలపలన్నిటినీ సాయంత్రానికల్లా నల్లరంగులో ముంచేసింది.

అందరూ లోపలికి పోయాక తాత నా దగ్గరికొచ్చాడు. నాలుగు రోజులుగా ఆయన అరుగు వదిలి దండెం ముందే కూర్చుంటున్నాడు. భయంతో కాపలా కాస్తున్నాడనుకున్నాను. భుజం మీది ఎర్ర తువ్వాలు తీసి నా ముందు పరిచాడు.

"నీ సెయ్యేలే నాయనా, తెలిసె. అయినా మీ అవ్వ నాలుగు దినాలు కండ్ల ముందర ఉండె గదా." తువ్వాలు ముడతలు అరచేత్తో సర్ది అన్నాడు: "ఈడ పెట్టు. ఆ వేలు మడుసుకో."

కుడిచెయ్యి పొడిలో ముంచి, వేలు మడిచి అద్దాను. రెండు రోజులు ఎండలో తువ్వాలు పక్కనే కూర్చున్నాడాయన. ఎరుపులోంచి ఆ చెయ్యి కొంచెం కొంచెంగా పైకొచ్చింది. ఏ ఎలక్ట్రాన్ ఎందుకు లేచిందో అంతా తెలిసిన నాకే ఒళ్లు జలదరించింది. తాత దాని మీద తన అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు.

ఇప్పుడు ఆదోనిలో పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. ఆ ఖాళీ సంగతి వచ్చినప్పుడు "లేనిదే పని చేస్తుంది" అంటాను. ఆ మాట అంటున్నప్పుడు నాకు తెలియకుండానే ఉంగరం వేలు ముడుచుకుంటుందట. పిల్లలు నన్ను అనుకరించి నవ్వుకుంటారు. నేనూ నవ్వుతాను, చెయ్యి కడుక్కోవడానికి బద్ధకించిన ఆ పాతికేళ్ల మేధావిని తలుచుకుని.