రాని పిల్లలకు సున్నా

మా మేడమీది సారు పోయారు. మొన్న పొద్దున వాళ్లావిడ ఫోను చేసి చెప్పింది. ఫోను మోగితేనే నాకు గుండె దడ. ఈసారి ఆ దడ వట్టిది కాలేదు.

సారుది కోస్తా. పంతుళ్లకు శిక్షణనిచ్చే కాలేజీలో ఉద్యోగం. పురానాపూల్‌లో మా ఇంటి మేడ మీద అద్దెకు ఉండేవారు. కంప్యూటరంటే ఎవరికీ తెలియని ఆ రోజుల్లోనే ఒకటి ఇంటికి తెచ్చారు. ఫ్యాను దానివైపు తిప్పి, తాను చెమటలు కక్కేవారు. ఇల్లు అంటుకుంటుందేమోనని నేను మాటిమాటికీ మెట్లెక్కి వాసన చూసి వచ్చేదాన్ని. “అమ్మా, మీ ముక్కుండగా నాకు ఫ్యూజు ఎందుకండీ” అని నవ్వేవారు.

బస్తీ బడుల పిల్లల మార్కులు ఆ కంప్యూటరులో వేసి, ఏ బడి ఎట్లా ఉందో లెక్క తీయడం ఆయన పని. మా గల్లీ బడి అన్నిటికన్నా అడుగున వచ్చింది. ఆ లెక్క పై ఆఫీసుకు పోయింది. బడి మూసేస్తారన్నారు. నా బిడ్డ అక్కడే ఐదో తరగతి.

కొన్నాళ్లకు సారు మా మెట్ల మీద కూలబడ్డారు.

“పరీక్షనాడు గొడవలయి మీ గల్లీలో కర్ఫ్యూ కదమ్మా. సగంమంది రాలేదు. వాళ్ల మార్కుల చోటు నేను ఖాళీగా వదిలేశాను. ఈ ప్రోగ్రాం ఖాళీని సున్నా అనుకుంది. రాని పిల్లలందరికీ సున్నా వేసి సగటు తీసేసిందమ్మా.”

“గిదేంది సారూ! బయటికొస్తే లాఠీ, ఇంట్ల ఉంటే సున్నానా? గా డబ్బాను ఒక్కరోజు మా గల్లీల కూసోబెట్టుండ్రి, అప్పుడు తెలుస్తది!”

ఆయన నవ్వలేదు.

సరిచేసిన లెక్క పట్టుకుని ఆఫీసు చుట్టూ తిరిగారు. “మెషీన్ తప్పు చెప్పదు కదండీ” అన్నారట వాళ్లు. బడి మూతపడింది. ఆ గొడవల రోజుల్లో దూరం బడికి ఆడపిల్లను మా గల్లీలో ఎవరూ పంపలేదు. బిడ్డ లక్కగాజుల పనిలో కూర్చుంది.

తప్పులు చేసేవారు చాలామంది. గడపదాకా వచ్చి తన తప్పు చెప్పుకున్నవారిని ఆయన ఒక్కరినే చూశాను. “రానివాడు వేరమ్మా, రాయలేనివాడు వేరు” అని చాలా ఏళ్లు అంటూనే ఉన్నారు.

ఆఖరికి సారుకు మతి నిలవలేదు. నేనూ బిడ్డా చూడబోతే, బిడ్డను గుర్తుపట్టలేదు. నన్ను అడిగారు: “అమ్మా, ఇవాళ మీ పిల్ల బడికొచ్చిందా?”

తల నెరిసిన నా బిడ్డ జావ గిన్నె కింద పెట్టి, కొంగు సర్దుకుని, మంచం ముందు నిటారుగా నిలబడింది.

“వచ్చిన సార్.”