గుండీతో చేసిన సవతి బిళ్ళ

దయ్యాలంటే నాకు మొదటినుంచీ నవ్వే. చిలకలగూడలో పుట్టి పెరిగాను. మా వీధి చివర పాడుబడ్డ క్వార్టర్స్ గురించి ఎన్ని కథలు విన్నా ఒక్కటీ నమ్మలేదు. చనిపోయినవాళ్ళు ఫోటోల్లో ఉంటారు, అంతే. మా ఇంట్లో అలాంటి ఫోటో ఒకటి ఉంది. దానికి దండ మార్చేది నేనే.

ఆ ఫోటో సుజాతది. మా ఆయన మొదటి భార్య. ఆమె జబ్బు చేసి పోయిన మూడేళ్ళకు నన్ను చేసుకున్నారు. మా పెళ్ళయి తొమ్మిదేళ్ళు. మెట్టుగూడలోని ఇల్లు ఆమె సర్దుకున్నదే, గిన్నెల మీద చెక్కిన పేరూ ఆమెదే. పులుసు పెడితే మా ఆయన "బాగుంది" అంటారు. అని, ఒక్క క్షణం ఆగుతారు. ఆ ఆగడం ఎందుకో నాకు తెలుసు.

చచ్చినవాడి కళ్ళు చారెడని ఊరికే అనలేదు. బతికున్న మనిషైతే కొట్లాడొచ్చు. ఈమెతో ఏమని కొట్లాడను? ఆమె మీద నాకు అసూయ. దాచేదేం లేదు.

సికింద్రాబాద్‌లో ఒక ట్రస్టువాళ్ళ పాత బంగళాలో రెండు గదుల మ్యూజియం ఉంది. అందులో నా ఉద్యోగం. రాజుల కత్తులూ కిరీటాలూ అక్కడ ఉండవు. మెదక్ వైపు ఊళ్ళ నుంచి వచ్చిన ఇసుర్రాళ్ళు, కందిళ్ళు, గింజలు కొలిచే మానికలు ఉంటాయి. ఏ వస్తువు ఎవరిది, ఎప్పటిది అని అడిగి రాసుకుని, చీటీ కట్టి, ఫోటో తీసి అద్దాల పెట్టెలో పెట్టడం నా పని. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సర్కారు లెవీ కింద రైతుల ఇళ్ళలోంచి ధాన్యం కొలుచుకుపోయిన కుంచం ఉంది. బట్ట దొరకని ఆ రోజుల్లోనే గోనెసంచితో కుట్టిన చిన్నపిల్ల లంగా ఉంది.

పోయినేడు వానాకాలంలో ఎల్లవ్వ అనే ముసలామె వచ్చింది. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి. కొంగు ముడి విప్పి, నల్లదారానికి కట్టిన ఇత్తడి బిళ్ళ ఒకటి నా బల్ల మీద పెట్టింది. అది వాళ్ళమ్మ మెడలోది. వాళ్ళమ్మ రెండో భార్య. మొదటి భార్య పోయాక వచ్చినామె, పోయినామె పేరు మీద పుస్తెలతో పాటు ఒక బిళ్ళ వేసుకోవడం వాళ్ళ ఇంటి ఆచారమట. సవతి బిళ్ళ అంటారు. మామూలుగా వెండితో చేయిస్తారు. ఇది మాత్రం మిలట్రీ కోటు గుండీ.

ఎల్లవ్వ తండ్రి యుద్ధానికి పోయాడు. ఇంట్లో గింజలు లెవీకి పోయాయి. మొదటి భార్య ఉన్న ఒక్క చీరతో రెండేళ్ళు వెళ్ళదీసి, జ్వరమొచ్చి పోయింది. అతను తిరిగొచ్చి మళ్ళీ పెళ్ళి చేసుకునేనాటికి ఇంట్లో పిసరు వెండి లేదు. కోటు గుండీ తెంపి ఇస్తే ఊరి కంసాలాయన సాగగొట్టి బిళ్ళ చేశాడు. వెనకవైపు కిరీటం గుర్తు సగం ఇంకా కనిపిస్తుంది.

"కొత్త చీర తెస్తే మా అమ్మ ముందుగాల దీనికి జూపిచ్చి, చెంగు మూలకు పసుపు వెట్టి, అటెన్క కట్టుకునేది బిడ్డా," అంది ఎల్లవ్వ. "మా పెద్దమ్మ ఒక్క చీర మీదనే పాణమిడిసిందట. మీరు సుత దీన్ని జెర ఇజ్జతుగ వెట్టుకోండ్రి."

నాకు ఒళ్ళు మండింది. మొగుడూ మొదట ఆమెకే, చీరా మొదట ఆమెకేనా అనుకున్నాను.

దాన్ని మెడలో ఎలా వేసుకుంటారో చూపించే ఫోటో కావాలి. మా దగ్గరున్న బొమ్మ మెడకు దారం సరిపోలేదు. నేనే కట్టుకుని ఫోన్‌తో తీసుకున్నాను. విప్పడం మర్చిపోయాను.

ఆ మధ్యాహ్నం భోజనం వేళ జనరల్ బజార్‌కు వెళ్ళాను. తరువాతి వారం మా పెళ్ళిరోజు. ఆకుపచ్చ గద్వాల్ చీర తీసుకున్నాను. ఫోటోలో సుజాత కట్టుకున్నదీ ఆకుపచ్చే. అంతకంటే మంచిది కట్టుకుని ఆయన ముందు నిలబడాలని నా పంతం. మ్యూజియానికి తిరిగొచ్చాక మెడ తడుముకుంటే బిళ్ళ తగిలింది. విప్పి, అద్దాల పెట్టెలో పెట్టి తాళం వేశాను.

ఇక జరిగింది జరిగినట్టు చెబుతాను. మా ఆయనది రైల్వే ఉద్యోగం. ఆ ముందురోజే డ్యూటీ మీద కాజీపేట వెళ్ళారు. మాకు పిల్లలు లేరు, పనిమనిషి లేదు. ఇంట్లో నేనొక్కదాన్నే. షాపు కవరుకు కొట్టిన పిన్ను కూడా తీయకుండా చీరను బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా హ్యాండ్‌బ్యాగులో ఉంది.

మరునాడు ఉదయం తొమ్మిదింటికి, జాకెట్టు ముక్క కత్తిరిద్దామని చీర బయటికి తీశాను. పిన్ను నా చేత్తోనే ఊడదీశాను. మడత విప్పితే చెంగు లోపలి మూల పసుపు బొట్టు, వేలితో అద్దినట్టు, సగమే. ముట్టుకుంటే తడి. మేము వాడేది ప్యాకెట్ పసుపు. ఇది కొమ్ము అరగదీసిన పసుపని వాసనకే తెలిసింది. షాపుకు ఫోన్ చేస్తే, అమ్మే చీరకు మరక మేమెందుకు చేస్తామమ్మా అని నవ్వారు. వాళ్ళే పెట్టినా తెల్లారేసరికి ఆరిపోవాలి కదా.

నేను చీర మడిచేలోపే మా ఆయన డ్యూటీ నుంచి వచ్చారు. నా మొహం చూసి, చెంగు అందుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళారు. చాలాసేపు చూశారు.

"ఇది సుజాత వేలు," అన్నారు. "చిన్నగున్నప్పుడు కొడవలికి తెగి ఉంగరం వేలి కొస పోయింది. బొట్టు వెట్టినా గిట్లనే సగం వడేది."

ఆ వేలి సంగతి ఎనిమిదేళ్ళలో నాకెవరూ చెప్పలేదు. ఫోటోలో ఆమె చేతులు కొంగు కింద ఉంటాయి.

బిళ్ళ సంగతంతా చెప్పాను. ఇప్పుడిక ఆమె కోసం ఏడుస్తారు, నేను పక్కన కూర్చుని చూడాలి అనుకున్నాను. ఆయన ఏడవలేదు. నా వైపు కోపంగా చూశారు.

"పదకొండేండ్ల సంది ఎదురుచూస్తున్న. ఒక్కసారి కలలకు సుత రాలే. నీ దగ్గరికెట్ల వచ్చింది?"

ఆ చూపు ఏమిటో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఆయన నన్ను చూసి కుళ్ళుకున్నారు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ పూట నాకు సంతోషమేసింది. ఆయనకివ్వనిది ఏదో ఆమె నాకిచ్చింది మరి.

ఆ పసుపు ఎవరు పెట్టారో, మూసిన కవరులోకి ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. దయ్యమని అనడానికి నోరు రాదు. ఇంకోటి అనడానికి ఏమీ దొరకదు.

ఎనిమిదేళ్ళలో తనంతట తాను ఒక్క చీర తేని మనిషి, ఆ తర్వాత నాకు నాలుగు చీరలు తెచ్చారు. తెచ్చి బీరువాలో పెట్టమంటారు. పొద్దున్నే నాకంటే ముందు లేచి, కిటికీ దగ్గర మడతలు విప్పి మూలలు వెతుకుతారు. ఏమీ ఉండదు. మళ్ళీ మడిచి, కట్టుకో అని నా చేతిలో పెడతారు. కట్టుకుంటున్నాను.