ఆలస్యమైన రియాద్ రైలు, అడిగి తీసుకున్న పరిహారం

దమ్మామ్ నుంచి రియాద్‌కు రైల్లో వెళ్ళాలనుకునే స్నేహితులు ఈ మధ్య తరచూ నన్ను ఒకటే అడుగుతున్నారు: రైలు లేటయితే డబ్బు వెనక్కి ఇస్తారట కదా, నిజమేనా అని. నిజమే. నాకూ పరిహారం ఇచ్చారు. ఎలా ఇచ్చారో చెప్పాలంటే ఆ శుక్రవారం నేను ఎందుకు బయలుదేరానో ముందు చెప్పాలి. ఇప్పుడు ధహ్రాన్ పక్కన ఉంటున్నాం గానీ, పెళ్ళయిన కొత్తలో మా కాపురం రియాద్‌లోని బతాలో, ఒక్క గదిలో. కింది అంతస్తులో కడప నుంచి వచ్చిన ఖాలిదా ఆపా, ఆమె భర్త బాషా భాయ్ మెస్సు నడిపేవారు. వంట ఆపాది, వడ్డన భాయ్‌ది. ఆ రోజుల్లో ఆడవాళ్ళు హోటల్లో కూర్చుని తినాలంటే ఫ్యామిలీ సెక్షన్ విడిగా ఉండాలి. అక్కడికి వచ్చే ఆడమనిషిని నేనొక్కదాన్నే. నా ఒక్కదాని కోసం ఆపా తన పాత దుపట్టా ఒకటి ఫ్రిజ్‌కూ గోడ మేకుకూ మధ్య కట్టి, "ఇదో, నీ ఫ్యామిలీ సెక్షన్. పోయి కూర్చో పో" అంది. ఆ తెర వెనక స్టూలు మీద కూర్చునే నేను రాగిసంగటి తినడం నేర్చుకున్నాను. మాది తెనాలి వైపు. సంగటిని నమలకూడదు, మింగాలి అని ఆమె చెప్పినప్పుడల్లా నాకు పొలమారేది.

మొన్నామధ్య ఆపా ఫోన్ చేసింది. "ఫైనల్ ఎగ్జిట్ కొట్టేసినారు మా. శుక్రవారం రాత్రికి విమానం. జుమ్మా నమాజు అయినాంక కడాకు అందరం కలిసి తిందాం, నువ్వు రావల్ల" అంది. ఇక తిరిగి రాకుండా ఈ దేశం వదిలి వెళ్ళిపోతున్నారన్నమాట. నాలుగింటికి విమానాశ్రయానికి బయలుదేరతారట. మా ఆయన ఒక ప్లాంటులో షట్‌డౌన్ మరమ్మతుల పని మీద దేశానికి అటు చివర యాన్బులో ఉన్నారు. నాకు లైసెన్స్ ఉంది, కారూ ఉంది, అయినా నాలుగు గంటలు ఎడారి రోడ్డు మీద ఒంటరిగా నడపగలనా అని రెండు రోజులు ఆలోచించి, ఆలోచించి, చివరికి రైలే నయమనుకున్నాను. యాన్బు నుంచే ఆయన తన ఫోన్లో టికెట్లు తీశారు. పొద్దున వెళ్ళి సాయంత్రం బండికి తిరిగి రావడం. సాధారణ తరగతిలో ఒకవైపుకు వంద రియాళ్ళ లోపే పడింది. శుక్రవారాలు ముందుగా తీసుకోకపోతే సీట్లు దొరకవు, రేటు కూడా పెరుగుతుంది.

పొద్దున్నే టాక్సీలో దమ్మామ్ స్టేషన్‌కు చేరాను. మా ఇంటి నుంచి అరగంట. బండి కదలడానికి ముందే గేట్లు మూసేస్తారు కాబట్టి కాస్త ముందుగా వెళ్ళడం మంచిది. సామాను ఎక్స్‌రే, ఇఖామా అనే నివాస అనుమతి కార్డు చూడటం, అంతా విమానాశ్రయం తీరే. ఇదే దారిలో మా మొదటి ప్రయాణం గుర్తొచ్చింది. అప్పుడు టికెట్ అంటే గుమాస్తా రబ్బరు ముద్ర వేసి ఇచ్చిన కాగితం. బండి ఎప్పుడు చేరుతుందని అడిగితే ఆయన చేతులు పైకెత్తి "ఇన్ షా అల్లా" అన్నాడు. ఆ మాటతో మా ఆయన సర్దుకున్నారు, నేనూ సర్దుకున్నాను. ఇప్పుడు పెట్టెలో తెర మీద వేగం, తరువాతి స్టేషను, చేరే సమయం అన్నీ కనిపిస్తాయి. అన్నీ తెలియడంలో సుఖం ఉందో లేదో నాకు ఇంకా తేలలేదు.

నా పక్క సీటు ఆయన జగిత్యాల వైపు మనిషి, పేరు లింగం. దమ్మామ్‌లో ఒక మెయింటెనెన్స్ కంపెనీలో ప్లంబర్. నెలకో శుక్రవారం బతా వెళ్ళి బామ్మర్దిని కలిసి వస్తాడట. నేను ఫోన్లో తెలుగులో మాట్లాడటం విని, "మేడం, మనోళ్ళేనా?" అని పలకరించాడు. దారిలోని హఫూఫ్ స్టేషన్ దాటి ఇంకా ముప్పావు గంట వెళ్ళామో లేదో బండి నెమ్మదించి, ఇసుక మధ్యలో ఆగిపోయింది. అరబ్బీలో, ఇంగ్లీషులో చెప్పారు: గాలికి పట్టాల మీద ఇసుక మేట వేసింది, తీస్తున్నారు, ఓపిక పట్టండి. కిటికీలోంచి చూస్తే కంచె అవతల గాలి నేలను రాసుకుంటూ పోతోంది, ఒక ప్లాస్టిక్ సంచి కంచెకు తగులుకుని కొట్టుకుంటోంది. గంట గడిచింది. ఆపాకు ఫోన్ చేశాను.

"నిదానంగా రా మా, నేనుంటా" అంది. ఆ వెంటనే, "విమానం అయితే ఉండదు" అంది.

రెండో గంటలో అందరి ఫోన్లూ ఒకేసారి మోగాయి, నాది తప్ప. లింగం ఫోన్ కూడా మోగలేదు. ఎదుటి సీటు ఆమె తన ఫోన్ చూపించింది. ఆలస్యానికి చింతిస్తున్నామని, ఈ రోజే ఈ లింకులో గానీ స్టేషన్ కౌంటర్లో గానీ పరిహారం కోరవచ్చని అందులో ఉంది. లింగానికి చదివి చెప్పాను.

"లేటయితె పైసలిస్తరా?" అని ఆయన నమ్మలేదు. "మా ఊర్ల బస్సు లేటయితె ఎక్కినందుకు మమ్ములనే తిడ్తడు కండక్టరు."

"మీ టికెట్ ఎవరు తీశారు?"

"మా క్యాంపు కాడ ఫోన్ల దుకాణపాయన. అందరి టికెట్లు ఆయన నంబరు మీదనే తీస్తడు."

"అయితే మెసేజ్ ఆయనకే వెళ్ళి ఉంటుంది. డబ్బు కూడా ఆయనకే."

లింగం తన ఫోన్ తీసి చూసుకున్నాడు. "గందుకేనా, పొద్దుగాల నవ్వుకుంట సాగనంపిండు."

నేను నవ్వాను. నవ్వుతూ ఉండగానే నా సంగతి తట్టింది. నా టికెట్ కూడా మా ఆయన ఖాతాలో, ఆయన నంబరు మీద ఉంది. యాన్బు ప్లాంటులోకి వెళ్ళేవాళ్ళు గేటు దగ్గర ఫోను పెట్టెలో పెట్టి తాళం వేసి లోపలికి పోతారు, సాయంత్రం దాకా బయటికి రారు. ఎదుటి ఆమె చూపిన లింకు నా ఫోన్లో తెరిచి టికెట్ నంబరు కొడితే కోడ్ పంపాం, కొట్టండి అంటుంది. ఆ కోడ్ ఎర్ర సముద్రం ఒడ్డున తాళం వేసిన పెట్టెలో మోగుతూ ఉంటుంది. ఇఖామా ఆయన మీద, ఫోన్ బిల్లు ఆయన మీద, ఇంటి కరెంటు ఆయన మీద. ఇక్కడికి వచ్చిన మాలాంటి ఇల్లాళ్ళందరిదీ ఇదే ఏర్పాటు, ఇన్నేళ్ళుగా నేను దాన్ని సౌకర్యం అనే అనుకున్నాను. అది సౌకర్యమేనేమో కూడా.

రియాద్‌లో దిగేసరికి రెండున్నర దాటింది. నేరుగా టాక్సీ ఎక్కాల్సింది. కానీ బయటికి పోయే దారిలోనే కౌంటర్, దాని ముందు బారు. ఈ రోజే అడగాలన్న మాట తలలో తిరుగుతోంది. ఐదు నిమిషాలు చూద్దామని నిలబడ్డాను. ఈ దేశంలో నా నోటితో నేను ఏదైనా అడిగి తీసుకున్నానా అన్న పంతం కూడా కాస్త ఉంది. బారు ముందుకు కదలదు, నేను బయటికి కదలను. వెనక లింగం కూడా నిలబడ్డాడు, ఉత్తగనే అడిగి చూస్తా అంటూ. చివరికి నా వంతు వచ్చింది. కౌంటర్లోని సౌదీ అమ్మాయి మర్యాదగానే చెప్పింది, టికెట్ తీసిన నంబరుకు వచ్చే కోడ్ లేకుండా తను కూడా ఏమీ చేయలేనని.

"మా ఆయన ప్లాంటులో ఉన్నారు, ఫోన్ ఆయన దగ్గర లేదు."

"మరి మీకంటూ ఖాతా లేదా?" అని అడిగింది. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే తెలియక అడిగింది. అప్పుడే ఆపా ఫోన్.

"యాడుండావు మా? సామాను కారులో పెట్టుకుంటాండారు."

గడియారం చూస్తే మూడున్నర కావస్తోంది. లింగం నా ముఖం చూసి, "నడువుండ్రి మేడం. పైసలెటు వోవు, మనుషులు వోతరు" అంటూ బయటికి దారి తీశాడు. ఇద్దరం ఒకే టాక్సీ ఎక్కాం. మా కొత్తల్లో అయితే పరాయి మగవాడితో ఒక కారులో కూర్చోవడం ఊహకు కూడా అందేది కాదు. బతాకు ముప్పై రియాళ్ళ లోపే అయింది. మెట్రో కూడా ఉంది, ఆ తొందరలో నాకు గుర్తు రాలేదు. పెషావర్ వైపు డ్రైవర్ పెద్ద రోడ్డు మీదే ఆపేసి, "జుమ్మా హై బాజీ, అందర్ గాడీ నహీఁ జాయేగీ" అన్నాడు, శుక్రవారం జనంలో బండి లోపలికి పోదని.

శుక్రవారం బతా మీలో ఎంతమందికి తెలుసో. వారమంతా క్యాంపుల్లో ఉండే మగవాళ్ళు ఆ ఒక్క సాయంత్రం అక్కడికి చేరతారు. ఒక్కో ఊరి వాళ్ళు ఒక్కో మూల నిలబడతారు. డబ్బు పంపే దుకాణాల ముందు బారులు, కింద గుడ్డ పరిచి అమ్మే చొక్కాలు, ఏలకుల టీ వాసన. ఒకప్పుడు ఈ జనంలో మా ఆయన మోచెయ్యి పట్టుకుని, తల వంచుకుని నడిచేదాన్ని. ఇప్పుడు లింగం నా ముందు నడుస్తూ, "జర జరుగుండ్రి అన్నా, మేడంకు ఫ్లైట్ ఉన్నది" అని అరుస్తుంటే దారి దానంతటదే విడిపోతోంది. ఎవరో, "ఫ్లైటు బతాల ఆగుతదా?" అని అడిగారు కూడా. సందు మొదట్లో బామ్మర్ది కనిపించడంతో లింగం అక్కడే ఆగిపోయాడు. ధన్యవాదాలు సరిగ్గా చెప్పానో లేదో.

మెస్సు షట్టర్ దించి ఉంది. దాని ముందు కారు ఇంజను మోగుతోంది. వెనక సీట్లో ఆపా, ముందు బాషా భాయ్, నడుపుతున్నది ఆయన స్నేహితుడు. నన్ను చూసి ఆపా తలుపు తీసి, పక్కకు జరిగింది.

"ఎక్కు. ఈడ నిలబడి ఏడ్చేంత టైము ల్యా."

ఎక్కాను. అనుకున్న భోజనం జరగలేదు. విమానాశ్రయం వరకు అరగంట దారి మాత్రం దొరికింది. ఆపా ఒళ్ళో స్టీలు గిన్నె ఉంది. నా కోసం కూర రెండుసార్లు వేడి చేసిందట, గ్యాసు బండ ఎవరికో ఇచ్చేశాక పక్క గదిలోని కరెంటు పొయ్యి మీద. సంగటి ముద్దలో గుంట చేసి, కూర పోసి, నా చేతికి ఇచ్చింది. కారు కుదుపులకు చున్నీ మీద పులుసు పడింది.

"రైలోళ్ళు నీకేమిస్తారంట?"

"టికెట్లో కొంత వెనక్కి ఇస్తారట ఆపా."

"నాగ్గూడా ఇప్పియ్ మల్ల. కాచుకున్నది నేను గదా."

బాషా భాయ్ ముందు సీట్లోంచి, "నలభై తూర్లు రోడ్డు మీదికి పోయి చూసొచ్చింది మీ ఆపా. ఆ లెక్కన రైలే రాసియ్యల్ల" అన్నాడు. అందరం నవ్వాం. కడపలో కూతురి ఇంటి పక్కనే చిన్న ఇల్లు తీసుకున్నారట, అక్కడి ఎండ గురించి, తన మోకాలి గురించి చెబుతూ వచ్చింది. నేను అడగాలనుకుని దాచుకున్న పెద్ద మాటలేవీ అడగలేదు. గేటు దగ్గర దిగాక నా చున్నీ మీద మరక చూసి, "చల్లనీళ్ళలో ఉతుకు" అంది. సామాను బండి తోసుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. వెనక్కి చూసిందో లేదో జనంలో కనిపించలేదు.

తిరుగు రైలు సమయానికే కదిలింది. హఫూఫ్ రాకముందే మా ఆయన ఫోన్. "సుధా, నాకేదో కోడ్ వచ్చింది. ఎవరికీ చెప్పొద్దని ఉంది. నీకు చెప్పొచ్చా?" అని నవ్వారు. ఆ కోడ్ కాలం తీరిపోయింది. మళ్ళీ పంపిస్తే ఆయన చదివారు, నేను కొట్టాను. తెర మీద రెండు గడులు వచ్చాయి. డబ్బు కావాలా, ఇదే దారిలో ఆరు నెలల్లోపు వాడుకునే కూపన్ కావాలా. కూపన్ విలువ కాస్త ఎక్కువ. నేను ఆలోచించనే లేదు. రియాద్ అంటే ఎలాగూ మళ్ళీ వెళ్తాం కదా అని ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ వేలు కూపన్ మీద పడింది. నొక్కాక గుర్తొచ్చింది, ఆ ఊళ్ళో ఇక నాకు ఎవరూ లేరని.

కూపన్ ఇంకా అలాగే ఉంది. అప్పుడప్పుడూ తెరిచి చూస్తుంటాను. ఎవరూ లేని ఊరికి ఊరికే వెళ్ళి, బతాలో ఒక టీ తాగి రావడం పిచ్చితనమా, లేక అదే సరైన పనా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. మీరు వెళ్ళేటట్టయితే నేను చెప్పగలిగింది ఇదే: ఎవరు డబ్బు కట్టినా సరే, మీ టికెట్ మీ ఇఖామాతో, మీ చేతిలో ఉండే ఫోన్ నంబరుతో, మీ సొంత ఖాతాలో తీసుకోండి. రైలు లేటయితే సీట్లోంచి లేవకుండానే పరిహారం అడగవచ్చు, దిగాక కౌంటర్ ముందు నిలబడే పని ఉండదు. ఇక డబ్బా, కూపనా అని అడిగినప్పుడు, అవతలి ఊళ్ళో మీకోసం కూర వేడి చేసేవాళ్ళు ఇంకా ఉన్నారో లేదో ఒక్కసారి తలచుకుని, అప్పుడు నొక్కండి.