పిండి మీద ప్రమాణం

మా అబూ హిలాల్ అంతటి మొండి మనిషిని నేను చూడలేదు. సూర్ పట్నంలో సముద్రానికి ఎదురుగా ఉన్న మేడల్లో సగం ఆయన తాపీ పనే. వాటిలో ఒక్క గది కొనుక్కునే హక్కు ఆయనకు లేదు. పాలస్తీనా కాందిశీకులం కదా, ఈ దేశంలోనే పుట్టి ఇక్కడే ముసలివాళ్లమైనా మా పేరున గోడ కూడా ఉండకూడదు. పోనీ శిబిరంలో ఉన్న ఇల్లయినా బాగుచేసుకుందామంటే, సైన్యం అనుమతి లేనిదే సిమెంటు లోపలికి రానివ్వరు. నిరుడు పెట్టుకున్న అర్జీకి అతీగతీ లేదు.

ఆ ఇంటి కప్పులో చువ్వలు తుప్పుపట్టి పెచ్చులూడుతున్నాయి. మొన్న అరచేయంత పెచ్చు సరిగ్గా ఉయ్యాల పక్కన పడింది. ఉయ్యాలలో ఉన్నది ఆయన మనవరాలు జూరీ, ఇంకా మెడ నిలవని పిల్ల. కోడలు మయాదాకు ఆనాటినుంచి కంటిమీద కునుకు లేదు. ఉన్నది ఒకటే గది, ఎటు జరిపినా అదే కప్పు.

"ఇంకెన్నాళ్లు చూస్తావన్నా? పిల్ల నెత్తిన పడేదాకానా?" అని పక్కింట్లో ఉండే నేనే ఆయన్ని రెచ్చగొట్టాను. గోనెసంచి నడుమ ప్లాస్టిక్కులో చుట్టిన సిమెంటు, చుట్టూ గోధుమపిండి. ఉపాయం నాదే. పండగ దగ్గరికొచ్చింది, పిండి ఎవరి ఇంటికైనా వచ్చేదే.

శిబిరం గేటు దగ్గర మా ఇద్దర్నీ, సంచినీ టాక్సీలోంచి దించారు. కాపలా సైనికుడు సంచి మూతి విప్పించాడు.

"ఏంటిది?"

"కనపడట్లా నాయనా? పిండి. పండక్కి ఖర్జూరం బిళ్లలు చేసుకోవద్దా?" అన్నాను.

"ఇంత పిండా? ఇంట్లో పెళ్లి కూడా ఉందా?"

"నువ్వు చేసుకుంటానంటే అదీ చేస్తాం. మా వీధిలో పిల్లలకేం కొదవ?"

వెనకాలవాళ్లు నవ్వారు. వాడు మణికట్టుదాకా పిండిలో చెయ్యి దించాడు. ఇంకొంచెం దించితే అయిపోయామే! ఆగాడు. చెయ్యి బయటికి తీసి, పిండి నేలమీద పడకుండా సంచిలోకే రాల్చాడు. వాళ్లకూ మాకూ కలిసేది అదొక్కటే. తిండిని తొక్కం, దానిమీద దొంగ ఒట్టు వెయ్యం.

"పెద్దాయనా, ఈ పిండి మీద చెయ్యి పెట్టి ఇంకేం లేదని చెప్పు. పంపించేస్తా."

"నేను చెప్తున్నాగా! ఈ పిండి మీద ఒట్టు!" అనేశాను. దేవుడు నన్నేం చేసినా చెయ్యనీ.

"నిన్నడగలేదమ్మా."

అబూ హిలాల్ చెయ్యి చాపాడు. సిమెంటుకు పగిలిన ఆ వేళ్లు పిండికి జానెడు పైన ఆగిపోయాయి. పెట్టు, మహానుభావా, పెట్టు అని లోలోపల అరుస్తున్నాను.

"సిమెంటుంది బాబూ," అన్నాడు. "ఇంట్లో పసిపిల్లుంది. కప్పు రాలుతోంది."

సైనికుడి మొహం వాడిపోయింది. "ఎందుకు చెప్పావయ్యా..." అని గొణిగాడు. అప్పటికే లోపలినుంచి వాడి పైఅధికారి వస్తున్నాడు. సిమెంటు లాక్కుని పిండి మాకిచ్చేశారు.

"నీ నిజాయితీ తగలెయ్య! అబద్ధమాడింది నేను, పాపం నాది. నీకేం పోయింది?" దారంతా తిట్టాను.

"రేపు ఆ పిల్ల నోట్లో పెట్టేది చెల్లీ. దానిమీద ఎట్టా ఒట్టేసేది?"

గుమ్మంలో మయాదా సంచి వంక చూసి తల తిప్పుకుంది. "పిల్లని తీసుకుని బయటికెళ్లమ్మా," అని ఆయన సుత్తి పట్టుకుని బల్లెక్కాడు. ఊడిన పెచ్చులు రాలుస్తాడనుకున్నాను. ఆగలేదు. కొడుతూనే ఉన్నాడు. చువ్వలు వంచి, ఉయ్యాల వెడల్పున ఆకాశం కనపడేదాకా కొట్టాడు.

"మతి పోయిందా అన్నా? వానలొస్తున్నాయి!"

"తడిస్తే తుడుచుకోవచ్చు. ఆకాశం విరిగి పడదు కదా."

బతుకంతా కట్టడమే తప్ప కూల్చడం ఎరగని మనిషి, ఆ రాళ్లమీదే కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. నా కోపం ఎటు పోయిందో. మయాదా కింద శుభ్రంగా ఊడ్చి, ఉయ్యాలను ఆ కన్నం కిందికే జరిపింది.