చుట్టాల బల్ల

మా మేనమామ మూడు వందల పైచిలుకు ఇళ్ళకు తలుపులు బిగించాడు. తనకంటూ ఒక తలుపు బిగించుకునేసరికి అరవై ఒకటో ఏడు వచ్చింది. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎక్కువ భాగం నా మీదే.

ఆయన పనిచేసింది రెడీమేడ్ ఇళ్ళు తయారుచేసే యార్డులో. నేల, గోడలు, పైకప్పు అన్నీ అక్కడే బిగించి, ఇంటికి ఇల్లు లారీకెక్కించి, కొన్నవాళ్ళ స్థలంలో క్రేన్‌తో దించుతారు. ఆ లారీ వెనకే మావయ్య వెళ్ళేవాడు. దారి కుదుపులకు తలుపులు పక్కకు జరిగితే సరిచేసి, ఇంటివాళ్ళు లోపలికి రాగానే బయటికి వచ్చేసేవాడు. ముప్పై రెండేళ్ళు అదే బతుకు. ఎక్కడా నెల తిరిగేదాకా ఉండలేదు. పెళ్ళి మాటెత్తితే, "ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు. మొదటిది రోజూ చూస్తూనే ఉన్నా, రెండోది కూడా ఎందుకులే" అని అందర్నీ నవ్వించేవాడు. అందరూ నవ్వేసి ఊరుకున్నారు. ఆ మాట వెనక ఏముందని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

ఆయనకొచ్చే ఉత్తరాలన్నీ యార్డు చిరునామాకే, మేనేజరు కేరాఫ్. రిటైరయ్యాక మా ఇంటికి, మా ఆయన కేరాఫ్. పింఛను కాగితం వచ్చిన రోజు కవరు తిప్పి తిప్పి చూశాడు.

"ఒక్క కవరు మీదైనా నా పేరు కింద నా తలుపు నంబరు ఉండాలమ్మాయ్. ఎన్నాళ్ళు ఒకరి చంకలో ఉంటాను?"

మా పెరడు ఖాళీగానే ఉంది. అక్కడ పెట్టుకోమన్నాను. యార్డులో మిగిలిపోయిన చట్రం ఒకటి కొనుక్కుని, ఏడు నెలలు తన చేత్తోనే ఇల్లు తయారుచేశాడు. ఇరవై నాలుగడుగుల పొడవు, ఎనిమిదిన్నర వెడల్పు. మంచం గోడలోకి మడతపడుతుంది. మెట్టు కింద చెప్పుల సొరుగు. చలీ ఎండా రాకుండా గోడల్లో మందంగా దూది పలకలు కూరాడు. కిటికీ కింద గోడ పొడుగునా ఆరడుగుల బల్ల. మిగతావన్నీ మరలతో బిగించినవాడు దీన్ని మాత్రం గోడలోకి దిగేసి జిగురుతో అతికించాడు.

"ఇదెందుకు మావయ్యా? ఉన్న చోటే అంతంత మాత్రం."

"చుట్టాలకి. వచ్చి కూర్చున్నాక బల్ల కిర్రుమంటే నా పరువేం కావాలి?"

"ఇల్లు ఇరకటం..." అని నేను మొదలుపెడితే, "ఆలి మర్కటం ఎలాగూ లేదుగా, ఆ మేరకు చోటు మిగిలింది" అని ఆయనే పూర్తిచేశాడు.

తలుపు నంబరు కోసం దరఖాస్తు నింపడానికి ఆ బల్ల మీద కూర్చున్నాను. రెండు వందల నాలుగు చదరపు అడుగులని రాయించాడు. ప్లానింగ్ ఆఫీసులో ఒకసారి అడిగి రాద్దామంటే, "ముప్పై రెండేళ్ళుగా ఇళ్ళు కొలుస్తున్నవాడికి నువ్వా చెప్పేది?" అని కసిరాడు. నాకూ కోపమొచ్చి ఆయన చెప్పిందే రాసేశాను.

ఆయన అందులోకి మారి ఏడాది దాటాక ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. మర్యాదస్తురాలే. చెప్పులు బయట విప్పి, లోపల నాలుగు గోడలూ కొలిచి, బల్లనూ కొలిచి, లెక్క వేసింది.

"బాబాయ్‌గారూ, నూట అరవై తొమ్మిదే వస్తోందండీ. ఇల్లు అనాలంటే నూట డెబ్బై ఐదు ఉండాలి."

"రెండు వందల నాలుగమ్మా. నా టేపు అబద్ధం చెప్పదు."

"మీరు బయట కొలిచారు. మేం లోపల కొలుస్తాం."

"లోపలెందుకు?"

"మనిషి ఉండేది లోపలే కదండీ."

యార్డులో ఇంటిని ఎప్పుడూ బయట నుంచే కొలుస్తారు. లారీ మీద సరిపోతుందా, వంతెన కింద దూరుతుందా, అంతే వాళ్ళకు కావాల్సింది. లోపల ఎంతుందో కొలవాల్సిన అవసరం ఆయనకు ఒక్కరోజూ రాలేదు. దూది పలకలు తిన్న చోటు ఆయన లెక్కలోకే రాలేదు.

ఇల్లు కాకపోతే అది షెడ్డు కింద లెక్క. షెడ్డులో సామాను ఉండొచ్చు, మనిషి ఉండకూడదు. కింద చక్రాలు పెడితే బండి అవుతుంది, కానీ ఈ వీధిలో బండిలో కాపురం కుదరదు. ముప్పై రోజుల్లో సరిచేయకపోతే క్రేన్ తెప్పించి లేపేస్తారు. ఆ తర్వాత మావయ్యకు మళ్ళీ మా ముందుగదిలో మడత మంచమూ, కేరాఫూ తప్పవు. నేను ఆమెతో గొడవకు దిగాను. వంటగట్టు చోటును లెక్కలో ఉంచి బల్ల చోటును ఎందుకు తీసేశారని అడిగాను.

"వంటగట్టుకు మినహాయింపు ఉందండీ. అది లేకపోతే ఇల్లే కాదు. గోడకు అతికించిన కూర్చునే బల్లలకు లేదు. అది తీసేస్తే తొమ్మిది అడుగులు కలుస్తాయి, మీకు సరిపోతుంది."

"పీకి బయట కిటికీ కింద వేసుకుంటాను" అన్నాడు మావయ్య.

"హద్దు గోడకు ఐదడుగుల లోపల ఏదీ ఉండకూడదండీ."

ఆమె వెళ్ళాక ఆయన చాలాసేపు బల్ల అంచును బొటనవేలితో రాస్తూ ఉండిపోయాడు. మరలైతే పావుగంటలో విప్పేవాడు. జిగురు కాబట్టి రంపం పట్టాల్సి వచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే మావయ్యా అందామనుకున్నాను, ఆయన ముఖం చూసి మింగేశాను. రెండు రోజులు కోశాడు. ఒక్క పెచ్చు కూడా ఊడకుండా కోశాడు.

మూడు వారాలకు నంబరొచ్చింది. మా నంబరు పక్కన గీత గీసి రెండు. రేకు మీద రాయించి, వంకర లేకుండా రసమట్టం పెట్టి మరీ తలుపుకు బిగించాడు. నన్ను పిలిచాడు. లోపలికి వెళితే కూర్చోవడానికి ఒకే ఒక కుర్చీ. నాకు ఇచ్చి తను వంటగట్టుకు ఆనుకున్నాడు.

"నువ్వు కూర్చో మావయ్యా."

"నేను పొద్దస్తమానం కూర్చునేది అందులోనేగా. నువ్వు కూర్చో."

ఇంట్లో బల్ల ఉన్న పద్నాలుగు నెలల్లో దాని మీద కూర్చున్నది నేనొక్కదాన్నే, అదీ ఒక్కసారే. మా వెనక తలుపు నుంచి ఆయన తలుపుకు నలభై అడుగులు. ఆ రోజు కుర్చీలో కూర్చుని టీ తాగుతుంటే ఈ లెక్క తట్టింది. సిగ్గేసింది.

"ఆ బల్ల మీ వరండాలో వేసుకో అమ్మాయ్. నీకైతే మనుషులొస్తారు."

"నువ్వొచ్చి కూర్చుంటానంటేనే వేసుకుంటాను."

"ఎందుకు రానూ? ఇప్పుడు నేను నీ కేరాఫ్ కాదు, చుట్టాన్ని" అని నవ్వాడు.

ఇద్దరం చెరోవైపు పట్టుకుని తెచ్చాం. వరండా కొలిచాడు, లోపలి వైపు నుంచే. కోసిన వైపు కాళ్ళు బిగించి, భుజం మీది తువ్వాలుతో తుడిచి వెళ్ళాడు.

మొన్న మంగళవారం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి మావయ్య వరండాలో ఉన్నాడు. చేతిలో కవరు. ఆయన పేరు, కింద ఆయన నంబరు. కరెంటు బిల్లే, అయినా చూపించడానికి తెచ్చాడు. బాగుందన్నాను. కుళాయి కారుతోందా అని అడిగాడు, కారడం లేదన్నాను. మా ఆయన మోకాలి నొప్పి ఎలా ఉందన్నాడు. కాసేపు నిలబడి, వస్తానమ్మాయ్ అని వెళ్ళిపోయాడు.

సంచి దించడానికి వెనక్కి తిరిగాక చూశాను. బల్ల మీద ఆ చివర నుంచి ఈ చివర దాకా పాత పేపర్లు, హెల్మెట్టు, ఉతికి మడతపెట్టని బట్టలు.