సారమ్మ చదివిన ఆఖరి పేజీ

పాత నవలను సినిమా తీశారని మనవరాలు రూబీ టికెట్లు కొని, నానమ్మ సారమ్మనూ ఆమె నేస్తం భూలక్ష్మినీ కొత్తగూడ మాల్‌కు మధ్యాహ్నం ఆటకు తీసుకొచ్చింది. బొమ్మ అయిపోయి లైట్లు వెలిగేసరికి హాల్లో సగం మంది ముక్కులు చీదుతున్నారు. సారమ్మ మాత్రం ఇదీ ఒక సినిమానా అన్నట్టు కుచ్చిళ్లు దులుపుకుని లేచింది. భూలక్ష్మి కదల్లేదు.

"వరహాలు బాయిల దునికింది," అంది తెర వంకే చూస్తూ. "అక్కా, నువ్వు గిట్ల చదవలే గదా!"

అది పట్నం పక్క రాయదుర్గంలో అద్దాల మేడలు లేవక ముందు మాట. బండరాళ్ల పక్కన రేకుల ఇళ్ల వరస. గుంటూరు వైపు నుంచి పెనిమిటి వెంట వచ్చిన సారమ్మ నాలుగో తరగతి చదివింది. ఆ వరసకంతటికీ అదే పెద్ద చదువు. అంట్లు తోమడం కాగానే ఆడవాళ్లు చుట్టూ చేరితే, కిరాయికి తెచ్చిన నవలను వేలు పెట్టి పైకి చదివేది. ఇప్పుడు సినిమాగా తీసిన ఈ నవలలో, మొగుడు వదిలేసిన వరహాలు అంటే అందరికీ ప్రాణం. ఆ వరహాలు ఆఖరి పేజీలో బావిలో దూకుతుందని కంటపడగానే సారమ్మకు ఒళ్లు మండింది. రాసినాయనకు ఇంకేమీ తోచలేదా? ఎదురుగా గోడకు ఆనుకుని భూలక్ష్మి వింటోంది. మొగుడు వదిలేసి పోయాక ఆ పిల్ల అన్నం కూడా సరిగా ముట్టడం లేదు. సారమ్మ తడుముకోకుండా, "వరహాలు ఇడ్లీ బండి పెట్టుకుంది" అని చదివి పుస్తకం మూసేసింది.

కొన్నాళ్లకు భూలక్ష్మీ బండి పెట్టింది. ఇప్పుడు ఆ చుట్టుపక్కల ఆఫీసు పిల్లలు ఆమె ఇడ్లీ తిన్నాకే లిఫ్టు ఎక్కుతారు.

హాలు బయటికి రాగానే రూబీ అడిగింది. "నవలలో ఉన్నది ఉన్నట్టు తీశారు నానమ్మా. ఎన్ని స్టార్లు ఇస్తావ్?"

"ఒక్కటీ ఇవ్వను. ఉన్నది ఉన్నట్టు తియ్యడానికి ఎక్స్‌రేనా అది? ఆయన బుద్ధిలేక రాస్తే వీళ్లకైనా ఉండక్కర్లా?"

"జర ఆగు అక్కా!" భూలక్ష్మి అడ్డం వచ్చింది. "ఇన్నేండ్లు నన్ను పాగల్ జేసినవ్. వరహాలే చేసింది, నాకేం రోగమని బండి పెట్టిన. లేని ముచ్చట నమ్మి బతికిన్నా నేను?"

"బతికావుగా! ఉన్నది చదివుంటే?"

"నేనేమన్న బాయిల దునుకుదునా?"

"దూకవని నాకు రాసిచ్చావా? ఆ రోజు నీ మొహం నువ్వు చూళ్లేదు, నేను చూశాను. తప్పయిపోయిందని అననుగాక అనను. మళ్లీ చదవమన్నా అట్లాగే చదువుతా. ఇంక నా గుమ్మం తొక్కనంటావా, తొక్కకు!"

ఆ మాట అనేశాకే సారమ్మకు గుర్తొచ్చింది, భూలక్ష్మి పట్నంలో తనకంటూ ఉన్న ఒక్క నేస్తం. అయినా గడ్డం దించలేదు.

 ఎస్కలేటర్ దగ్గర, మెడలో ఆఫీసు కార్డులతో ఇద్దరు అమ్మాయిలు కళ్లు తుడుచుకుంటున్నారు. భూలక్ష్మి విసవిసా నడిచి వాళ్ల ముందు నిలబడింది.

"ఎందుకేడుస్తున్నరు బిడ్డా? ఆమె సావలే. గీ సినిమావోళ్లకు తెల్వదు. ఇడ్లీ బండి పెట్టుకున్నది."

వాళ్లు తెల్లబోయారు. "మీకెట్లా తెలుసు ఆంటీ?"

"నాకు చదివి చెప్పినామె గక్కడున్నది." భూలక్ష్మి వెనక్కి తిరిగింది. "ఏందక్కా, గట్లనే నిలబడ్డవ్? రా, చెప్పు వీళ్లకు."

సారమ్మ వెళ్లి, వరహాలు మొదటి వాయి ఇడ్లీ దించడం దగ్గర ఎత్తుకుంది.